బొగ్గు మంచిదే, మార్చేటోడు ఎవడు?

పోస్టు పొడుగున్నది. ఓపిక చేసుకొని చివరిదాకా చదవండి. ఆ తర్వాత తిట్టాలనిపిస్తే తిట్టండి.

పోయిన వారం మనోళ్లలో ఒకరు సంతోషంగా ఒక ముచ్చట పెట్టిండ్రు. పత్తి కట్టెను కాల్చి బయోచార్ చేస్తరట, దానికి మందు పట్టిస్తరట, దాంట్ల నుంచి నీళ్లు పోస్తే ఫ్లోరైడ్ ఖతం అట. దేవరకొండ దిక్కు, అచ్చంపేట దిక్కు నాలుగైదు తండాల్లో, పెంటల్లో డెమో పెడతరట, పేర్లు ఇవ్వమంటున్నరట. కింద అందరూ చప్పట్లు కొట్టిండ్రు. "మన పత్తి కట్టెతోనే మన రోగం పోతది" అని ఒక తమ్ముడు రాసిండు. చదవడానికి మంచిగనే ఉన్నది. నేను మాత్రం మా తండా పేరు ఇవ్వను. మీరూ ఇవ్వకండి. కనీసం కింద రాసిన షరతులు ఒప్పుకునేదాకా ఇవ్వకండి.

నేను సైన్సుకు అడ్డం కాదు. ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చదివిన. బయోచార్ మీద కోపం అంతకన్నా లేదు. నా కొట్లాట వేరే. బొగ్గు పనిచేస్తదా లేదా అని అందరూ అడుగుతున్నరు. పనిచేయడం ఆగిపోయిన రోజు దాన్ని మార్చేది ఎవరు అని ఒక్కరూ అడగడం లేదు. నల్లగొండలో యాభై ఏండ్ల సంది మనల్ని ముంచింది ఈ అడగని ప్రశ్నే.

ముందుగాల్ల మా ఇంటి సంగతి చెప్తా. మా దాదికి మెడ తిరగకపోయేది. పక్కన మనిషి పిలిస్తే ఒళ్లంతా తిప్పి చూసేది. నడుము ఒంగిపోయి, తల ఎత్తి ఆకాశం చూసింది నేను ఎన్నడూ చూడలే. మా యాడి వాళ్లంతా అది ముసలితనం అనుకున్నరు. హాస్టల్‌కు పోయి పదో తరగతి చదువుకున్నంక గాని, అది ముసలితనం కాదు, బోరింగు నీళ్లు అని నాకు తెల్వలే. మా తండాలో నా ఈడు పిల్లల పండ్ల మీద గోధుమరంగు గీతలు ఉండేవి. నవ్వేటప్పుడు చెయ్యి అడ్డం పెట్టుకునేటోళ్లం. ఇది చదివే వాళ్లలో సగం మందికి ఈ ముచ్చట కొత్తది కాదు.

ఇది నిన్నమొన్న తెలిసిన రోగం కూడా కాదు. మన దేశంలో ఫ్లోరోసిస్‌ను మొట్టమొదట గుర్తుపట్టి రాసింది 1937లో, అప్పటి నెల్లూరు జిల్లాలోని పొదిలి, దర్శి దిక్కు ఊర్లను చూసి. నల్లగొండ జిల్లా ఫ్లోరోసిస్ గురించి ఇంగ్లండ్ వైద్య పత్రికలో వ్యాసం వచ్చింది 1955లో. అదే ఏడు డిసెంబర్‌లో నెహ్రూ వచ్చి నాగార్జునసాగర్‌కు పునాది రాయి వేసిండు. అంటే డ్యాము కట్టేటప్పటికే ఎగువ గుట్టల మీది జనం ఏ నీళ్లు తాగుతున్నరో తెలిసే ఉన్నది. 1973లో హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ వాళ్లు మన దిక్కు పిల్లలకు మోకాళ్లు లోపలికి ఒంగిపోతున్న సంగతి రాసిండ్రు. తిండిలో కాల్షియం తక్కువైన ఒంటిని ఫ్లోరైడ్ ఎక్కువ ఇరిచేస్తది. పాలు అమ్ముకొని గంజి తాగే ఇంట్ల ఎవరి కాళ్లు ఒంగుతయో వేరే చెప్పాల్నా?

తెలిసినంక ఏం చేసిండ్రు? ఇక్కడే మన జిల్లా పేరు ప్రపంచమంతా పాకింది. నాగపూర్‌లోని నీరి సంస్థ 1970ల్లో ఒక పద్ధతి తయారుచేసింది. నీళ్లలో సున్నం, పటిక, బ్లీచింగ్ పౌడర్ కలిపి తిప్పాలె. తెట్టె కట్టి అడుక్కు దిగుతది, దాంతో పాటు ఫ్లోరైడ్ దిగుతది. పై నీళ్లు వడపోసుకొని తాగాలె. దీనికి పెట్టిన పేరు "నల్లగొండ టెక్నిక్". ఇథియోపియాలో, టాంజానియాలో కూడా ఈ పేరుతోనే వాడిండ్రు. పుస్తకాలల్ల మన జిల్లా పేరు మందు పేరు అయింది. మన ఊర్లల్ల మాత్రం రోగం పేరుగానే ఉండిపోయింది.

ఎందుకు? పద్ధతి అబద్ధమా? కాదు. కెమిస్ట్రీ సరిగ్గనే ఉన్నది. అయితే లీటరుకు వందల మిల్లీగ్రాముల పటిక పడతది. ఎంత వెయ్యాలెనో నీళ్లలోని ఫ్లోరైడ్‌ను బట్టి, క్షారాన్ని బట్టి లెక్క మారుతది. ఎక్కువ వేస్తే నీళ్లు పుల్లగైతయి, అల్యూమినియం మిగిలిపోతది. తక్కువ వేస్తే ఫ్లోరైడ్ మిగిలిపోతది. రోజూ ఒక మనిషి తూకం వెయ్యాలె, కలపాలె, అడుగున దిగిన బురదను తీసి ఎక్కడన్న పారెయ్యాలె. ఆ మనిషికి జీతం ఎవరిస్తరు? ఆ బురద ఏ చేన్ల పోస్తరు? కట్టడానికి పైసలు ఉంటయి, శిలాఫలకానికి పైసలు ఉంటయి. రోజూ పటిక తూకం వేసే మనిషికి పైసలు ఉండయి. ప్లాంటు పాడుపడ్డ తర్వాత "జనానికి చైతన్యం లేదు" అని రిపోర్టులో రాసుకుంటరు.

ఆ తర్వాత యాక్టివేటెడ్ అల్యూమినా ఫిల్టర్లు వచ్చినయి. అవి కూడా పనిచేసినయి, కొన్ని నెలలు. నిండిపోయిన అల్యూమినాను కాస్టిక్ సోడాతో కడిగి, యాసిడ్‌తో సరిచేసి మళ్లీ నింపాలె. తండాలో కాస్టిక్ సోడా, యాసిడ్ పట్టుకొని కూర్చునేది ఎవరు? ఆ తర్వాత ఇరవై లీటర్ల క్యాన్ల ప్లాంట్లు వచ్చినయి. ఆర్‌వోతో ఫ్లోరైడ్ పోతది, నిజమే. కానీ బయటకు వదిలే నీళ్లలో అదే ఫ్లోరైడ్ చిక్కగై మళ్లీ మోరీలకు, భూమిలకు పోతది. పైసలున్నోడికి మంచి నీళ్లు, లేనోడికి ఇంకింత చిక్కటి నీళ్లు.

ఇప్పుడు నాలుగో వంతు బయోచార్‌ది. దాని సంగతి శుద్ధంగా తెలుసుకుందాం. తెల్వకుండ పొగడొద్దు, తెల్వకుండ తిట్టొద్దు.

ముందుగా ఒక భ్రమ పోగొట్టుకోవాలె. "మన తాతలు కుండల బొగ్గు వేసి నీళ్లు శుద్ధి చేసేటోళ్లు, ఇది మన గిరిజన విజ్ఞానమే" అని ఒక అన్న రాసిండు. అన్నా, మీద గౌరవంతోనే చెప్తున్నా. మామూలు బొగ్గు వాసన పీలుస్తది, రంగు పీలుస్తది, కొన్ని మందుల విషాలు కూడా పీలుస్తది. ఫ్లోరైడ్‌ను మాత్రం పెద్దగ ముట్టదు. ఎందుకంటే నీళ్లలో కరిగిన ఫ్లోరైడ్‌కు రుణావేశం ఉంటది. మన తాగే నీళ్లలో మామూలు బొగ్గు పైపొరకు కూడా ఎక్కువగా రుణావేశమే ఉంటది. రెండూ ఒకటే జాతి, ఒకదాన్నొకటి నెట్టేసుకుంటయి. కట్టెల పొయ్యిల బొగ్గు తీసి బిందెల వేసుకుంటే దాది నడుము బాగైతుండె అంటే, మన తండాలల్ల ఒక్కరి నడుమూ ఒంగకపోవు. బొగ్గుకు మనకు ఏనాడు కొరువున్నది?

అందుకే ఆ మందు పట్టించుడు. పత్తి కట్టెనో, కంది కట్టెనో ముక్కలు చేసి అల్యూమినియం, మెగ్నీషియం, ఇనుము లాంటి లోహాల ఉప్పు నీళ్లలో నానబెడతరు. ఆరబెట్టి, గాలి తక్కువ తగిలేటట్టు నాలుగైదు వందల డిగ్రీల వేడిలో కాలుస్తరు. అప్పుడు బొగ్గు రంధ్రాల నిండా ఆ లోహాల ఆక్సైడ్లు, హైడ్రాక్సైడ్లు అతుక్కుంటయి. హైడ్రాక్సిల్, ఫ్లోరైడ్ సైజుల దాదాపు ఒక్క తీరే ఉంటయి. నీళ్లు పారుతుంటే హైడ్రాక్సిల్ బయటికి పోయి ఆ జాగల ఫ్లోరైడ్ కూర్చుంటది. బస్సుల ఒకరు దిగితే ఇంకొకరు ఎక్కినట్టు. ఫ్లోరైడ్‌ను పట్టేది ఆ లోహమే. బొగ్గు అనేది సీట్లు బిగించిన బస్సు అన్నట్టు.

బొక్కల బొగ్గు అని ఇంకొకటి ఉన్నది. పశువుల బొక్కలను కాల్చి చేస్తరు. బొక్కల్లో ఉండే ఖనిజమే ఫ్లోరైడ్‌ను పట్టుకుంటది. మన ఒంట్లో ఫ్లోరైడ్ బొక్కల్లో చేరేది కూడా ఈ గుణం వల్లనే. కెన్యాలో నకూరు అనే ఊర్ల చర్చి వాళ్లు నడిపే నీళ్ల విభాగం ఎన్నో ఏండ్లు ఈ బొక్కల బొగ్గు తయారుచేసి ఫిల్టర్లు నడిపింది. అక్కడ బొగ్గు ఒక్కటే ఇచ్చి చేతులు దులుపుకోలే. నీళ్లు పరీక్ష చేసే ల్యాబ్ కూడా వాళ్ల దగ్గర్నే ఉండె. నేను చెప్పే తేడా ఇదే.

ఇప్పుడు బస్సు సంగతికి మళ్లీ వద్దాం. బస్సు నిండితే ఏమైతది? ఎక్కేటోళ్లు రోడ్డు మీదనే ఉంటరు. ఫిల్టరు నిండినా నీళ్లు ఆగయి. ధార ఎప్పటి తీరే వస్తది. ఫ్లోరైడ్‌కు రంగు లేదు, రుచి లేదు, వాసన లేదు. మురికి నీళ్ల ఫిల్టరు పాడైతే నీళ్లు మసకైతయి, మనిషికి తెలుస్తది. ఫ్లోరైడ్ ఫిల్టరు సచ్చిపోతే ఎవరికీ తెల్వదు. బతికున్న ఫిల్టరు, సచ్చిన ఫిల్టరు చూడ్డానికి ఒక్కటే తీరు. పైగా సచ్చిన ఫిల్టరు అసలు ఫిల్టరు లేనిదాని కన్నా పాడు. లేకుంటే కనీసం భయం ఉంటది, దూరం పోయి మంచినీళ్లు తెచ్చుకుంటం. ఉంటే ధైర్యంగా విషం తాగుతం.

ఇది నా కండ్లతో చూసిన ముచ్చట. డిగ్రీ చదివేటప్పుడు మా తండాకు ఒక టీము వచ్చింది. ఎవరో ఏందో పేర్లు వద్దు. ట్యాంకు కింద డ్రమ్ము పెట్టిండ్రు, రిబ్బన్ కట్ చేసిండ్రు, మా కాకి చేత మొదటి బిందె పట్టించి ఫొటో తీసుకున్నరు. డప్పు కొట్టించిండ్రు కూడా. రెండు మూడు నెలలు వచ్చి చూసిండ్రు. తర్వాత ప్రాజెక్టు గడువు అయిపోయింది. మళ్లా ఎండకాలం సెలవులకు పోయినప్పుడు నేను ఒక కిట్టు పట్టుకపోయిన. బోరు నీళ్లకు ఒక సీసా, ఫిల్టరు నీళ్లకు ఒక సీసా. మందు చుక్కలు వేస్తే రెండింటికీ అదే పసుపు రంగు వచ్చింది. ఆ డ్రమ్ము ముందర అప్పుడు కూడా బిందెలు లైన్ల ఉన్నయి. మా కాకి నన్ను చూసి "మంచినీళ్లు తాగు బేటా" అని గ్లాసు ఇచ్చింది. నేను ఏం చెప్పాలె?

ఇప్పుడు లెక్క చేద్దాం. మీరు కూడా కాగితం తీసుకొని చేయండి. మన దేశ ప్రమాణం ప్రకారం తాగే నీళ్లలో ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము దాటొద్దు. వేరే నీళ్ల దిక్కు లేకుంటే 1.5 దాకా ఒప్పుకుంటరు. ఒక ఇంటికి తాగడానికి, వండడానికి రోజుకు 20 లీటర్లు అనుకుందాం. బోరులో లీటరుకు 4 మిల్లీగ్రాములు ఉన్నదనుకుందాం. 1కి దించాలంటే లీటరుకు 3 చొప్పున రోజుకు 60 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ బొగ్గు పట్టాలె. గ్రాము బొగ్గు ఒక మిల్లీగ్రాము పడతదనుకుంటే, కిలో బొగ్గు పదహారు రోజులు వస్తది. ఏడాదికి ఒక్క ఇంటికి దాదాపు 22 కిలోలు. నూరు ఇండ్ల తండాకు రెండు టన్నుల పైన.

"గ్రాముకు ఒకటే ఎందుకు, పేపర్లల్ల పది, ఇరవై, ఇంకా ఎక్కువ కూడా ఉన్నది గదా" అని కెమిస్ట్రీ తమ్ముళ్లు అడుగుతరు. అడగాలె. ఆ లెక్క ఎట్ల వస్తదో చూడండి. శానా ప్రయోగాలల్ల డిస్టిల్డ్ వాటర్‌లో సోడియం ఫ్లోరైడ్ కలుపుతరు. పీహెచ్ తమకు అనుకూలంగా పెట్టుకుంటరు. మన దగ్గర ఉన్నట్టు మూడో నాలుగో కాకుండ, ఇంకెంతో ఎక్కువ ఫ్లోరైడ్ పోస్తరు. రోజంతా షేకర్‌లో ఊపుతరు. అప్పుడు వచ్చిన పెద్ద నంబరును సారాంశంలో రాస్తరు. మన బోరు నీళ్లు డిస్టిల్డ్ వాటర్ కాదు. మన గ్రానైటు రాళ్ల నుంచి ఫ్లోరైడ్ ఎక్కువ దిగేదే బైకార్బొనేట్, సోడియం ఎక్కువ, కాల్షియం తక్కువ ఉన్న నీళ్లలో. ఆ నీళ్లకు క్షారగుణం ఉంటది. బైకార్బొనేట్, హైడ్రాక్సిల్ కూడా అవే సీట్ల కోసం కొట్లాడతయి. అంటే ఫ్లోరైడ్ ఎక్కడ ఎక్కువ ఉన్నదో అక్కడనే బొగ్గు బలం తగ్గుతది. ల్యాబుల గెలిచిన పుంజు మన వాకిట్ల గెలుస్తదని గ్యారంటీ లేదు.

అందుకే మొదటి షరతు: "గ్రాముకు ఎంత" అని డిస్టిల్డ్ నీళ్ల నంబరు మాకు చెప్పొద్దు. మా బోరు నీళ్లు తీసుకపోయి, పీహెచ్ ముట్టకుండ, గొట్టంల పోసి, ఎన్ని లీటర్ల తర్వాత 1.5 దాటిందో చెప్పాలె. అల్యూమినియం పట్టించిన బొగ్గైతే, వడపోసిన నీళ్లలో అల్యూమినియం ఎంత దిగుతున్నదో కూడా చెప్పాలె. దానికీ ప్రమాణం ఉన్నది. లీటరుకు 0.03 మిల్లీగ్రాములు, వేరే దిక్కు లేకుంటే 0.2 దాకా. ఒక రోగం తీసి ఇంకొకటి అంటించుకోము.

రెండో ముచ్చట, నిండిపోయిన బొగ్గు. రెండు టన్నుల వాడిన బొగ్గు ఏం చేస్తరు? ఏ ప్రజెంటేషన్‌లో చూసినా చివరి స్లైడ్‌లో "పర్యావరణహితం" అని పచ్చ ఆకు బొమ్మ ఉంటది. ఈ ప్రశ్నకు జవాబు ఉండదు. బయోచార్‌ను చేన్ల వేస్తే మంచిదని మనోళ్లకు చెప్పి ఉన్నరు. మామూలు బయోచార్ సంగతి అది. ఫ్లోరైడ్ నిండిన బొగ్గు వేరు. దాన్ని బోరు పక్క చెలకల పోస్తే, వానకు తడిసి మళ్లీ ఎంతో కొంత వదులుతది. ఇంకా భయం ఏందంటే, అది బొగ్గు. చూసినోడు ఊకుంటడా? చలికాలం కుంపట్ల వేస్తడు, పొయ్యిల వేస్తడు.

అది ఎంత ప్రమాదమో చైనాను చూసి నేర్చుకోవాలె. అక్కడ గ్వీజౌ రాష్ట్రంల ఫ్లోరోసిస్ వచ్చింది నీళ్లతోని కాదు. ఫ్లోరైడ్ ఉన్న బొగ్గును, మట్టిని కలిపి పొగగొట్టం లేని పొయ్యిల ఇంట్లనే కాల్చిండ్రు. ఆ పొగ మీద మక్కలు, మిరపకాయలు ఆరబెట్టుకున్నరు. పొగల ఫ్లోరైడ్ తిండికి పట్టి, తిన్నోళ్ల పండ్లు, బొక్కలు పాడైనయి. మన ఇండ్లల్ల మక్కెండ్లు, మిరపకాయలు ఎక్కడ వేలాడదీస్తమో మీకు తెలుసు. కాబట్టి వాడిన బొగ్గును లెక్కపెట్టి, తూకం వేసి, వాళ్లే వాపస్ తీసుకపోవాలె. ఇచ్చినంత తిరిగి పోయిందని తండా రిజిస్టర్‌ల సంతకం పెట్టాలె.

మూడో ముచ్చట, ఆ బొగ్గు కాల్చేది ఎవరు? సర్కారు తుమ్మ నరికి బట్టీలు పెట్టే దిక్కు పెరిగినోళ్లం. బట్టీ పొగ ఏందో, ఆ పొగల పని చేసినోడి దగ్గు ఏందో మనకు చెప్పాల్సిన పని లేదు. పాలమూరు లేబర్ అని దేశమంతా పేరు పడ్డది మనోళ్లకే. "స్థానిక ఉపాధి" అని చెప్పి మట్టి బట్టీల్లో మా పిల్లగాండ్లతో అల్యూమినియం క్లోరైడ్ కలిపించి, రోజుకు మూడు వందలు చేతిల పెడతమంటే అది ఉపాధి కాదు. చేస్తే సరైన బట్టీ, మాస్కులు, నెల జీతం, మన పేరు మీద సొసైటీ. లేకుంటే పట్నంల చేసుకొని తెచ్చుకోండి.

ఇప్పుడు సర్కారు దిక్కు వస్తా. మిషన్ భగీరథ మీద నేను అబద్ధాలు రాయను. 2015 జూన్‌లో చౌటుప్పల్‌లో పైలాన్ లేసింది. ఆ తర్వాత నది నీళ్లు శానా ఊర్లకు వచ్చినయి. మా ఇంటి ముందర కూడా నల్లా ఉన్నది. ఇప్పుడు పుట్టే పిల్లల పండ్లు మా పండ్ల తీరు లేవంటే దానికి కారణం నది నీళ్లే. ఏ ఫిల్టరూ కాదు. ఫ్లోరైడ్‌కు అసలు మందు మంచి నది నీళ్లే అని ఇంతకన్నా రుజువు అక్కర లేదు.

ఆ నీళ్లు ఊకె రాలేదు. 1996 పార్లమెంటు ఎలక్షన్‌ల నల్లగొండ సీటుకు 480 మంది నిలబడ్డరు. బ్యాలెట్ పేపరు పుస్తకమంత అయింది. జల సాధన సమితి వాళ్లు దేశం మొత్తానికి మన నీళ్ల ముచ్చట వినిపించడానికి చేసిన పని అది. 2003లో శివన్నగూడెం అంశల స్వామిని ఢిల్లీకి తీసుకపోయి ప్రధాని వాజపేయికి చూపించిండ్రు. ఆ స్వామి 2023 జనవరిల కన్నుమూసిండు. అదే కాలంల కృష్ణా నీళ్లు మన పెద్ద అడిశర్లపల్లి మండలం కోదండాపూర్‌లో శుద్ధి అయ్యి, పెద్ద పెద్ద పైపుల్లో మన చెలకల నుంచే హైదరాబాద్‌కు పోయినయి. అంటే నీళ్లు ఎక్కియ్యడం చేతకాక కాదు. ఎవరికి ముందు అనే లెక్క.

2020ల పార్లమెంటుల చెప్పిన లెక్క ప్రకారం తెలంగాణల ఫ్లోరైడ్ బాధిత ఆవాసాలు సున్నా. ఆ సున్నాకు అర్థం మంచిగ తెలుసుకోండి. నల్లా నీళ్లు అందుతున్నయి కాబట్టి ఆవాసం లెక్కల నుంచి పోయిందని అర్థం. భూమిల ఫ్లోరైడ్ పోయిందని కాదు. రాయి రాయి లెక్కనే ఉన్నది, బోరు బోరు లెక్కనే ఉన్నది. పైపు పగిలిన రోజు, కరెంటు లేని రోజు, ఎండకాలం ఒత్తిడి లేక తండా చివరి ఇంటికి ధార ఎక్కని రోజు మనం తాగేది బోరే. చెలకల పత్తి ఏరేటప్పుడు తాగేది బోరే. నల్లమల లోపలి పెంటల్ల చెంచు అన్నలకు అన్ని చోట్ల పైపు ఉన్నదా? సున్నా అని రాసినంక పరీక్ష చేసే పని తప్పుతది. పరీక్ష లేకుంటే రోగం లేదు. కాగితం మీద.

మన జాగా ఇక్కడే చూసుకోవాలె. అమ్రాబాద్ దిక్కు చెంచులకు మన్ననూరులో ఐటీడీఏ ఉన్నది. దేవరకొండ, మిర్యాలగూడ, కల్వకుర్తి తండాలోళ్లం మైదాన ప్రాంత గిరిజనులం. మనకు ఐటీడీఏ లేదు, షెడ్యూల్డ్ ఏరియా లేదు. మన నీళ్లు ఎవరి టేబుల్ మీద ఫైలు? ఎవరిదీ కాదు. అందుకే డెమోలకు మనమే దొరుకుతం. అడిగేటోడు ఉండడని తెలుసు.

ఒక హెచ్చరిక కూడా చెప్పాలె. మందు పట్టించిన బయోచార్ యురేనియంను కూడా పడతదని పేపర్లు వస్తున్నయి. ల్యాబుల పడతది, కాదనను. కానీ సాగర్ పక్కన లంబాపూర్, పెద్దగట్టు గుర్తున్నయా? యురేనియం తవ్వుతమని 2003ల ప్రజాభిప్రాయ సేకరణ పెడితే మన తండాలోళ్లు, పక్క ఊర్లోళ్లు ఎట్ల ఎదురు తిరిగిండ్రో పెద్దోళ్లను అడగండి. నల్లమల గురించి 2019 సెప్టెంబర్‌ల అసెంబ్లీ తీర్మానం చేసేదాకా కొట్లాడితే గాని ఆగలే. రేపు ఎవడన్నా వచ్చి "తవ్వితే ఏమైతది, బయోచార్ ఫిల్టర్లు పెడతం గదా" అంటే? ఫ్లోరైడ్ రాయి ఇచ్చిన రోగం. దాన్ని వడపోసుడు తప్ప, వేరే నీళ్లు తెచ్చుకునుడు తప్ప దారి లేదు. మనిషి కలిపే విషానికి మొదటి మందు వడపోత కాదు, కలపకుండ ఆపుడు. ఈ రెండింటినీ ఒక్క గాటికి కట్టనియ్యొద్దు.

"మరి ఏం చేయమంటవ్, ఏ ఫిల్టరూ వద్దా?" అని అడుగుతరు. కావాలె. నల్లా చేరని పెంటకు కావాలె. పైపు పగిలినప్పుడు హాస్టల్‌కు, బడికి కావాలె. అసలు దారి నది నీళ్లు, అడ్డదారి ఫిల్టరు. ఆ అడ్డదారి కూడా మన షరతుల మీద కావాలె. ఆ షరతులు ఇవి.

ఒకటి. మన బోరు నీళ్ల మీద చేసిన పరీక్ష ఫలితం ముందు, డ్రమ్ము తర్వాత.

రెండు. ఫిల్టరు ముందరి నీళ్లు, వెనకటి నీళ్లు నెలకు ఒకసారి పరీక్ష చేసి, ఆ నంబర్లు తెలుగుల బడి గోడ మీద రాయాలె. 1.5 దాటిన రోజు ఫిల్టరు మీద ఎర్ర రంగు వేసి మూసెయ్యాలె.

మూడు. ఆ పని చేసే మన పిల్లకో పిల్లగానికో నెల జీతం. రెండేండ్ల ప్రాజెక్టుకు కాదు, ఫిల్టరు ఉన్నన్ని రోజులు. జల్ జీవన్ మిషన్‌ల ఊరికి ఐదుగురు ఆడవాళ్లకు కిట్లతో నీళ్ల పరీక్ష నేర్పాలని ఉన్నది. మీ తండాల ఆ ఐదుగురు ఎవరో కార్యదర్శిని అడగండి.

నాలుగు. వాడిన బొగ్గు తూకం ప్రకారం వాపస్ తీసుకపోవుడు, రాతపూర్వకంగా.

ఐదు. ఇవన్నీ గ్రామసభ తీర్మానంల ఉండాలె. 2018 చట్టంతోని మన తండాలు పంచాయతీలు అయినయి. సర్పంచ్ మనోడు, తీర్మానం పుస్తకం మన చేతిల ఉన్నది. దాన్ని జయంతులకు, వర్ధంతులకే వాడుతమా?

చివరికి మన మీద మనకు ఒక మాట. ఈ గ్రూపుల కెమిస్ట్రీ, ఎన్విరాన్‌మెంట్, సివిల్ చదివేటోళ్లు పదుల మంది ఉన్నరు. పీహెచ్‌డీ చేసేటోళ్లు కూడా ఉన్నరు. మనలో ఎంతమందిమి మన సొంత తండా బోరు నీళ్లు ఒక్కసారన్న పరీక్ష చేసినం? నేను కూడా ఎమ్మెస్సీ దాకా చెయ్యలే. ప్రాజెక్టు రిపోర్టుల పక్క రాష్ట్రం నీళ్ల డేటా రాసుకున్న. సిగ్గుతోనే చెప్తున్నా. ఈ దసరా సెలవులకు ఇంటికి పోయేటప్పుడు రెండు సీసాలు పట్టుకపోదాం. ఒకటి నల్లాది, ఒకటి బోరుది. కడిగిన ప్లాస్టిక్ సీసాలు చాలు, గాజువి వద్దు. తండా పేరు, తేదీ, బోరు లోతు రాయండి. కాలేజీ ల్యాబుల ఎలక్ట్రోడ్ ఉంటే మంచిది, లేకుంటే జిల్లా ల్యాబుకు ఇద్దాం. నంబర్లు ఒక్క దగ్గర పెడదాం. అప్పుడు డెమో టీము వచ్చినప్పుడు మనం చేతులు కట్టుకొని నిలబడం. మన పుస్తకం తీసి ముందర పెడతం.

బొగ్గు మంచిదే. పత్తి కట్టె మనదే. కానీ మా కాకి చేతిల గ్లాసు ఇంకోసారి అబద్ధం కావొద్దు. తండా పేరు అడిగినోడిని ముందుగాల్ల ఒక్కటే అడగండి: అన్నా, ఇది నిండిన రోజు మార్చేటోడు ఎవడు? ఆ మనిషి పేరు, ఫోన్ నంబరు, జీతం చెప్పినంక మన తండా పేరు చెప్దాం.

తప్పుంటే సరిచేయండి. కొట్లాడాలనుకుంటే లెక్కలు పట్టుకొని రండి.

మీ తమ్ముడు,
దేవరకొండ దిక్కు ఒక తండా పిల్లగాడు